పాయింట్ 22 సప్రెసర్: మురికి పట్టిన రోజున విప్పి చూసి కొన్నది

సప్రెసర్ అంటే తుపాకీ మూతికి బిగించి చప్పుడు తగ్గించే గొట్టం. పాయింట్ 22 అనే చిన్న తూటా కోసం నేను కొన్న మొదటి సప్రెసర్‌ను కొట్లో చేతిలోకి తీసుకున్న రోజున అది అగరుబత్తీల డబ్బా అంత తేలికగా, నల్లగా నిగనిగలాడుతూ ఉంది. ధర కూడా మిగతావాటికంటే తక్కువే. ఏడాదిన్నర తిరిగేసరికి అదే వస్తువును మా గరాజులో వైస్‌కు బిగించి, రెండు రోజులు నూనెలో నానబెట్టి, రబ్బరు సుత్తితో తట్టి చూసినా లోపలి బాఫిళ్లు, అంటే వాయువుకు అడ్డుపడే గిన్నెల్లాంటి ముక్కలు, వెంట్రుకవాసి కదలలేదు. మూడో రోజున కాస్త గట్టిగా కొడితే కదిలాయి గానీ వాటిలో ఒకదాని అంచు వంగిపోయింది. దాన్ని చేసిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. తప్పులో సగం నాదే, ఎందుకంటే దాదాపు రెండు వేల తూటాలు పేల్చేదాకా దాన్ని విప్పి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. మిగతా సగం ఆ అల్యూమినియానిది, ఆ అమరికది. అందుకే రెండోసారి కొనేటప్పుడు చప్పుడు ఎంత తగ్గుతుంది అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, లోపల సీసం పేరుకుపోయిన రోజున ఇది నా చేతులకు లొంగుతుందా అన్న ప్రశ్నతో కొట్టుకు వెళ్లాను. ఇది ఆ రెండో కొనుగోలు గురించి, ఏడాదికి పైగా వాడి, పదకొండుసార్లు విప్పి కడిగిన తరువాత రాస్తున్న సమీక్ష.

నేను ఉంటున్నది టెక్సస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన, సాయంత్రం నడకకు వెళ్తే ప్రతి వీధిలోనూ తెలుగు మాట వినపడే ఊళ్లలో ఒకదానిలో. తుపాకీతో పరిచయం మాత్రం నాకు ఇక్కడ మొదలైనది కాదు. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో నేల మీద బోర్లా పడుకుని, పాయింట్ టూ టూ డీలక్స్ రైఫిల్‌తో లెక్కపెట్టి ఇచ్చిన ఐదు గుళ్లు కాల్చి, ఆ కబురు నెల రోజులు చెప్పుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ని. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది కూడా ఈ తూటానే. కనుక తూటా మనకు కొత్త కాదు, కొత్త సంగతల్లా తుపాకీ మూతికి బిగించే ఈ గొట్టమే. అదీ వరసకు మన మోటారు సైకిల్ సైలెన్సర్‌కు చుట్టమే. హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే అమెరికన్ ఇంజనీరు 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు పొందాడు, ఇంజన్ల హోరు తగ్గించే సైలెన్సర్లు కూడా ఆయన పేరు మీదుగా బజారులోకి వచ్చాయి. అమెరికా చట్టంలో నేటికీ ఈ వస్తువు పేరు సైలెన్సరే. వాడేవాళ్లు మాత్రం సప్రెసర్ అంటారు, ఎందుకంటే దీనితో చప్పుడు అణుగుతుందే తప్ప మాయం కాదు.

పాయింట్ 22 ఇంత మురికి తూటా ఎందుకయిందో తెలిస్తే తప్ప, ఏ సప్రెసర్ మంచిదో తేల్చుకోవడం కష్టం. ఇది రిమ్‌ఫైర్ తూటా, అంటే నిప్పు రాజేసే మందు తూటా అడుగున నట్టనడుమ కాకుండా అంచు చుట్టూ ఉండే రకం. పాయింట్ 22 లాంగ్ రైఫిల్ 1887 నుంచి వస్తున్నది, దాని గుండు ఈనాటికీ చాలావరకు ఒట్టి సీసమే, పైన మైనం పూతో పల్చటి రాగి పూతో ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ వేడి వాయువులతో పాటు సీసం పొడి, కరిగిన మైనం, మసి, పూర్తిగా కాలని మందు రేణువులు అన్నీ కలిసి సప్రెసర్ గదుల్లోకి వచ్చి గోడలకు అంటుకుంటాయి. పెద్ద రైఫిళ్లలో గుండుకు రాగి తొడుగు ఉంటుంది, పైగా ఒత్తిడీ వేడీ చాలా ఎక్కువ గనుక పట్టిన చెత్తలో చాలా భాగం ఆ ఊపుకే ఊడి బయటికి పోతుంది. అందుకే వాటి సప్రెసర్లలో చాలావాటిని వెల్డింగు చేసి మూసేస్తారు. పాయింట్ 22కు ఆ వేడి లేదు, ఆ ఊపూ లేదు. పాలు అడుగంటిన గిన్నెను కడగకుండా అందులోనే రోజూ పాలు కాస్తూ పోతే ఎలా ఉంటుందో లోపల అలాగే పొర మీద పొర కట్టుకుంటూ పోతుంది. ఉత్తరాలు తూచే చిన్న కాటా ఒకటి ఈ పనికోసమే కొన్నాను. 500 గుళ్ల పెట్టె, ఇక్కడివాళ్లు ఇటుక అంటారు, ఒకటి పూర్తయ్యాక తూచినప్పుడు సప్రెసర్ 14 గ్రాములు పెరిగి ఉంది.

ఈ కారణం వల్లే పాయింట్ 22 కోసం చేసే సప్రెసర్లలో దాదాపు అన్నింటినీ యజమాని విప్పుకోగలిగేలా తయారు చేస్తారు. ప్రకటనలన్నీ దాన్ని ఒకే మాటతో చెబుతాయి, విప్పి శుభ్రం చేసుకోవచ్చు అని. అయితే విప్పగలగడం ఒకటి, మురికి పట్టాక విప్పగలగడం మరొకటి. గొట్టంలో గిన్నెల్లా ఒకదానిపై ఒకటి పేర్చిన బాఫిళ్లు కొత్తలో చేయి వంచితే జారి పడతాయి. వాటి అంచులకూ గొట్టం గోడకూ మధ్య సన్నని సందు ఉండి, ఆ సందులోకి సీసం చేరి గట్టిపడ్డాక, అవే బాఫిళ్లు గొట్టంతో ఏకమైపోతాయి. నా మొదటిదానికి జరిగింది ఇదే. ఇక్కడ చట్టానిది ఇంకొక చిక్కు ఉంది. అమెరికాలో సప్రెసర్ మాత్రమే కాదు, దాని లోపలి బాఫిల్ కూడా చట్టం దృష్టిలో సైలెన్సరే గనుక, మిక్సీ జార్‌కు వాషర్ కొన్నట్టు ఒక బాఫిల్ తెచ్చి వేసుకోవడం కుదరదు, విడి బాఫిల్ ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే అవుతుంది. వంగినదాన్ని లైసెన్సు ఉన్న తయారీదారుకు పంపి, వాళ్ల చేతనే మార్పించుకోవాలి. ఒక్క సుత్తి దెబ్బకు నేను చెల్లించిన మూల్యం ఏడు వారాల ఎదురుచూపు.

ఈసారి కొట్టుకు వెళ్లి, అద్దాల బీరువాలోని కొత్తవి వద్దు, మీ రేంజిలో, అంటే కాల్పుల సాధన చేసే చోట, అద్దెకిచ్చే పాతవి, మురికివి ఉంటే చూపించండి అని అడిగాను. కౌంటరు దగ్గరి పెద్దాయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, నవ్వి, లోపలికి వెళ్లి మూడింటిని ఒక ప్లాస్టిక్ ట్రేలో వేసుకుని వచ్చాడు. వాటితోపాటు వచ్చిన పానాలు, చేతి తొడుగులు కూడా ఇచ్చాడు. ఆ అరగంట నేను చదివిన సమీక్షలన్నింటికంటే ఎక్కువ నేర్పింది. మూడూ పేరున్న రకాలే: సైలెన్సర్‌కో వారి స్పారో, డెడ్ ఎయిర్ వారి మాస్క్, రగ్గెడ్ వారి ఆక్యులస్. ధరలు ఐదు వందల డాలర్లకు అటూ ఇటూగా ఉన్నందున డబ్బు ఒకదాన్ని మరొకదానిపై నెగ్గించే పరిస్థితి లేదు.

మాస్క్ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే నేను కొనకపోయినా దాని మీద నాకు గౌరవమే. బయటి గొట్టం టైటానియం, లోపలి బాఫిళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు, బరువు ఆరున్నర ఔన్సులకు కాస్త పైన, పొడవు ఐదంగుళాలకు కాస్త పైన. విడి బాఫిళ్ల అమరిక కావడం వల్ల చప్పుడు తగ్గించడంలో దీనికి మంచి పేరుంది, రేంజిలో నా చెవికి కూడా మూడింటిలో ఇదే మెత్తగా తోచింది. విప్పేటప్పుడు మూత తీసి, చెక్క కర్రతో ఒత్తితే బాఫిళ్ల వరస కాస్త బిగువుగానే అయినా సాఫీగా బయటికి వచ్చింది. విడి బాఫిళ్లతో సౌఖ్యం ఏమిటంటే ప్రతి ముక్కనూ అన్ని వైపుల నుంచీ తోమవచ్చు. అసౌఖ్యం ఏమిటంటే వాటిని మళ్లీ అదే వరసలో, అదే దిక్కులో పేర్చాలి, ముఖ్యంగా బారెల్ దగ్గర మొదటి దెబ్బ తినే బాఫిల్ మొదటే ఉండాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఇదొక లెక్క కాదు. రాత్రి పదింటికి, పిల్లలు పడుకున్నాక, కళ్లు మూతలు పడుతుండగా ఈ పని చేసే నాలాంటివాడికి లెక్కే.

ఆక్యులస్ పూర్తిగా 17-4 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ముందు భాగాన్ని తీసేసి పొట్టిగానూ, కలిపి పొడుగ్గానూ వాడుకునే వీలుంది. పిస్టల్‌కు పొట్టిది, రైఫిల్‌కు పొడుగుది అన్నది ఆకర్షణే. బాఫిళ్లు ఒకదానిలో ఒకటి అమరి ఉండడం వల్ల బయటి గొట్టానికి అంటే మురికి తక్కువ. అయితే నేను పిస్టల్ కాల్చేది అరుదు, కలిపి విడదీసే కీలు మరొకటి ఉంటే కడగవలసిన మరలు మరికొన్ని పెరుగుతాయి. రెండు తుపాకులకూ ఒకే సప్రెసర్ తిప్పుకునేవాళ్లు నా మాట పక్కన పెట్టి దీన్నే తీసుకుంటే బాగుంటుంది.

నేను కొన్నది స్పారో. దాని లోపల విడి బాఫిళ్లు ఉండవు, ఒకే స్టీలు కడ్డీని చెక్కి గదులు చేసిన ఏకఖండం ఉంటుంది, దాన్ని ఇక్కడ మోనోకోర్ అంటారు. ఇటువంటి ఏకఖండాలు చాలా కంపెనీలు చేస్తాయి గానీ, దాన్ని గొట్టంలోంచి బయటికి లాగడంలోనే అసలు బాధ ఉంటుంది, ఎందుకంటే అంత పొడవునా సీసం పట్టుకుని ఉంటుంది. స్పారోలో ఆ ఏకఖండాన్ని రెండు అర్ధ గొట్టాలు, వేరుశనక్కాయ పొట్టు రెండు చిప్పల్లా, చుట్టూ పట్టుకుని ఉంటాయి. ఆ మొత్తం వెళ్లి బయటి గొట్టంలో కూర్చుంటుంది. మురికంతా ఏకఖండానికీ చిప్పలకీ మధ్యనే ఉండిపోతుంది, బయటి గొట్టం దాకా రాదు. అందువల్ల ఎంత పట్టినా లోపలి కట్ట జారి బయటికి వస్తుంది, తరువాత చిప్పలు రెండూ పక్కలకు ఊడతాయి. కొట్లో ఆ మురికిదాన్ని నేను విప్పడానికి పట్టిన సమయం ఒక నిమిషం కూడా లేదు. చిప్ప ఊడేటప్పుడు నిజంగానే వేరుశనక్కాయ ఒలిచినట్టు చిన్న టప్ మన్న చప్పుడు వచ్చింది. పెద్దాయన, ఎంతకాలంగా కడగలేదో మాకే తెలియదు, అన్నాడు. నిర్ణయం అక్కడే అయిపోయింది.

కాగితాల పని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడే పొరపాట్లు పడతారు. 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం కింద సప్రెసర్‌ను కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. వేలిముద్రలు, ఫొటో, ఫారం 4 అనే దరఖాస్తు, నేర చరిత్ర పరిశీలన అన్నీ ఉంటాయి. 1934లో పెట్టిన 200 డాలర్ల పన్ను తొంభై ఏళ్లు కదలకుండా ఉండి, 2026 జనవరి 1 నుంచి సప్రెసర్ల వరకు సున్నా అయింది. పన్ను పోయింది గానీ నమోదు పోలేదు, అనుమతి రాకుండా కొట్టువాడు వస్తువు చేతికివ్వడు. నేను 2024లో కొన్నందున ఆ 200 కట్టిన చివరి తరం వాళ్లలో ఒకణ్నయ్యాను. మొదటిదానికి కాగితం మీద దరఖాస్తు పెట్టుకుని తొమ్మిది నెలలు ఆగినవాడికి, రెండోది కంప్యూటర్ ద్వారా రెండు వారాల్లో రావడమే పెద్ద ఊరట. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇలినాయ్, మసాచుసెట్స్, డెలవేర్, రోడ్ ఐలండ్, హవాయి రాష్ట్రాల్లో సామాన్యులు సప్రెసర్ ఉంచుకోకూడదు. న్యూజెర్సీలో ఉండే మా బావగారు ఈ సమీక్ష చదివి ఊరుకోవలసిందే. హెచ్‌1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే కేంద్ర చట్టం ప్రకారం నేరం, ఆ మినహాయింపు తమకు వర్తిస్తుందో లేదో స్నేహితుణ్ని కాదు, వకీలును అడగాలి. సెలవులకు ఇండియా వెళ్తూ చూపించడానికని పెట్టెలో వేసుకోవడం మరీ ప్రమాదం. ఇక్కడ అది ఎగుమతి నియంత్రణ కిందికి వస్తుంది, అక్కడ 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ అన్న నిర్వచనంలోనే చప్పుడు తగ్గించే పరికరాలు చేరి ఉన్నాయి.

వాడకం సంగతికి వస్తే, నా దగ్గర ఉన్నవి మరలున్న బారెల్‌తో ఒక రూగర్ 10/22 (కాల్చిన ప్రతిసారీ తనంతట తానే మరో తూటా ఎక్కించుకునే రైఫిల్), ఒక బోల్ట్ రైఫిల్ (బోల్టు అనే తలుపును ప్రతిసారీ చేత్తో ఆడించేది). రెండింటికీ మర ఒకటే, అరంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు. పాయింట్ 22 సప్రెసర్లు చాలావరకు ఈ మరకే వస్తాయి. గుండు శబ్ద వేగాన్ని దాటితే గాలిలో పుట్టే చిటపట శబ్దాన్ని ఏ సప్రెసరూ ఆపలేదు. అందుకే సెకనుకు 1070 అడుగుల వేగం అని డబ్బా మీద రాసి ఉండే స్టాండర్డ్ వెలాసిటీ తూటాలే వాడతాను. గాలి వేడెక్కేకొద్దీ శబ్ద వేగం పెరుగుతుంది గనుక టెక్సస్ ఎండల్లో ఈ తూటాకు బోలెడంత తీరుబడి ఉంటుంది, జనవరి పొద్దున చలికి మాత్రం అది హద్దు దగ్గరికి వచ్చి ఒకటీ అరా గుండు టప్ మంటుంది. వీటితో బోల్ట్ రైఫిల్ కాలిస్తే వినపడేది పిన్ను తగిలిన క్లిక్కు, దూరాన ఇనుప పలకకు గుండు తగిలిన ఠంగు మాత్రమే. 10/22లో బోల్టు వెనక్కీ ముందుకీ కొట్టుకునే చప్పుడే అన్నింటికంటే పెద్దది. చెవి రక్షణ మాత్రం తీయను, పక్క వరసలో కాల్చేవాడికి సప్రెసర్ ఉండాలని లేదు కదా.

ఏకఖండం అమరికలో ఉన్న లోటు ఇక్కడే చెప్పాలి. మొదటి గుండు మిగతావాటికంటే కొంచెం గట్టిగా పలుకుతుంది, సప్రెసర్ గదుల్లో ఉన్న గాలిలోని ఆక్సిజన్‌తో మిగిలిన వాయువులు మండడం దీనికి కారణం. ఈ లక్షణం అన్ని రకాల్లోనూ ఉన్నా ఏకఖండాల్లో ఎక్కువగా తెలుస్తుందని వాడేవాళ్లందరూ అంటారు, నా అనుభవమూ అదే. రెండో గుండు నుంచి తేడా నా చెవికి అందదు. మొదటి గుండు కోసమే కాల్చేవాళ్లు, అంటే కుందేళ్లనో ఉడతలనో వేటాడేవాళ్లు, ఈ విషయాన్ని నాకంటే బరువుగా తీసుకోవచ్చు. వాళ్లకు నేను మాస్కే చెబుతాను. ఇంకొకటి, సప్రెసర్ ఏదైనా సరే 10/22 వంటి వాటిలో వాయువు వెనక్కి తన్ని బోల్టునూ మ్యాగజైన్‌నూ, ఎడమచేతి వాటం మనుషుల ముఖాన్నీ కూడా మురికి చేస్తుంది. బోల్ట్ రైఫిల్‌కు ఆ బాధ లేదు.

ఇక కడగడం. 400 గుళ్లకు ఒకసారి అని పెట్టుకున్నాను. గరాజు తలుపు పూర్తిగా పైకెత్తి, నైట్రైల్ చేతి తొడుగులు వేసుకుని, పాత స్టీలు పళ్లెంలో ప్రకటనల కాగితాలు పరిచి వాటిని నీళ్లతో తడుపుతాను. పొడి సీసాన్ని గీకితే ధూళి లేస్తుంది, తడిపితే లేవదు, ఈ ఒక్క నియమం తప్పకూడదు. పానాతో మూత విప్పి, బొటనవేలితో ఒత్తితే లోపలి కట్ట బయటికి వస్తుంది, చిప్పలు పక్కలకు ఊడతాయి. బారెల్ దగ్గరి మొదటి గదిలో బూడిద రంగు మీద వెండి మెరుపుతో, గోరుతో తాకితే ఇసుకలా గరగరలాడే పెచ్చు కట్టి ఉంటుంది. రెండో గదిలో అది సగం, నాలుగో గదికి వచ్చేసరికి ఒట్టి మసి, జిడ్డు. పల్చటి నూనెలో ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు ఇత్తడి పుల్లతో మూలల్లో ఒత్తితే మొదటి గది పెచ్చులు చింతగింజ పొట్టులా పలుకులుగా లేస్తాయి. మిగిలినదానికి కంచు బ్రష్ చాలు. చివర తుడిచి, ఏకఖండం మీద వేడికి తట్టుకునే సిలికాన్ నూనె పల్చగా రాస్తాను, దీనివల్ల వచ్చేసారి పెచ్చు అంత మొండిగా పట్టుకోదు. మరలు పట్టేయకుండా యాంటీ సీజ్ ముద్ద గింజంత. మొత్తం చేతిపని ఇరవై ఐదు నిమిషాలు, నానబెట్టడం కలపకుండా.

స్టీలు అయినందువల్ల దక్కిన స్వేచ్ఛ ఇదే. కంచు బ్రష్‌తో తోమవచ్చు, ఇత్తడి పుల్లతో ఒత్తవచ్చు, స్టీలు సూదులతో తిరిగే తడి టంబ్లర్‌లో వేయవచ్చు, శబ్ద తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయవచ్చు. అల్యూమినియం అయితే గట్టి క్షారం ఉన్న డీగ్రీసర్ తగిలినా తినేస్తుంది, బ్రష్ గీతలు పడతాయి, ఆ గీతల్లో మళ్లీ సీసం. బరువు రెండు ఔన్సులు తగ్గుతుందన్న ఆశతో అల్యూమినియం బాఫిళ్లు కొనవద్దని నేను ఎవరికైనా చెబుతాను. బయటి గొట్టం ఏదైనా పరవాలేదు గానీ సీసం పట్టే భాగం స్టీలే కావాలి. అల్ట్రాసోనిక్ యంత్రం ఒకసారి వాడి చూశాను. మసి బాగా వదిలింది, సీసం పెచ్చులు మాత్రం అక్కడే ఉన్నాయి, ఆ యంత్రాన్ని ఇక మరే పనికీ వాడలేకపోవడం అదనపు ఖర్చు.

వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ సగం సగం కలిపి అందులో స్టీలు ముక్కలు వేస్తే సీసం కరిగిపోతుందని రేంజిలో ప్రతివాడూ చెబుతాడు. కరిగే మాట నిజమే. కరిగాక మిగిలేది లెడ్ ఎసిటేట్, నీటిలో కలిసే విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోగలదు, బయట పారబోయడానికి వీల్లేదు, అల్యూమినియం ముక్క దానిలో పడితే అదీ పోతుంది. గట్టి పెచ్చుగా ఉన్న సీసాన్ని పలుకులుగా ఏరి డబ్బాలో వేయడం సులువు, నీళ్లలా చేసుకుని ఒలకకుండా మోయడం కష్టం. ఇరవై నిమిషాల శ్రమ తప్పించుకోవడానికి ఇంత బేరం నాకు నచ్చలేదు, ఒక్కసారి కూడా చేయలేదు.

మా ఆవిడ ఈ విషయంలో నాకంటే కఠినం. మొదటి సప్రెసర్ రోజుల్లో ఒక బాఫిల్‌ను వంటింటి సింకులో కడగబోయినప్పుడు ఆమె నన్ను గరాజుకు పంపేసింది, అప్పట్లో నాకు అది అతి అనిపించింది. పిల్లల రక్తంలో సీసానికి ఇంతవరకు పరవాలేదు అన్న సురక్షిత స్థాయే లేదని ఇక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతుంది, డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే దృష్టి పెట్టాలని 2021లో హద్దును ఇంకా కిందికి దించింది. మా చిన్నది అప్పుడు పాకే వయసు. ఇప్పుడు నా పద్ధతి ఇది: కడిగేటప్పుడు వేసుకున్న చొక్కా విడిగా ఉతకడం, సీసం వదిలించే ప్రత్యేక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడం, ఆ తరువాతే ఇంట్లో అడుగు. చేత్తో అన్నం తినే మనకు ఈ సబ్బు మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం.

స్పారోలో నేను మార్చమని అడిగేవి చిన్నవే. ఏకఖండం, రెండు చిప్పలు, బయటి గొట్టం అన్నీ స్టీలే కావడంతో బారెల్ కొసన ఆరున్నర ఔన్సులు తెలుస్తాయి, పొడుగు రైఫిల్‌ను నిలబడి కాల్చేటప్పుడు ముందుకు తూగుతుంది. నడుం దగ్గర సంచిలో పెట్టుకుని కొండలెక్కే వేటగాడికి ఇది సరైనది కాదు. చెక్కిన గదుల మూలలు ఇరుకుగా ఉండడంతో ఏకఖండాన్ని విడి బాఫిళ్లంత శుభ్రంగా, మెరిసేలా చేయడం సాధ్యం కాదు. మెరవాలన్న పట్టింపు వదులుకుంటే, పెచ్చు పోతే చాలు, పని నడుస్తుంది. ఇక ఏ సప్రెసర్‌కైనా వర్తించే జాగ్రత్త ఒకటి ఉంది. కాల్చేకొద్దీ మర వదులవుతుంది గనుక ప్రతి మ్యాగజైన్ తరువాత తుపాకీ ఖాళీ అయిందని చూసుకుని, చేత్తో బిగించి చూడాలి. వదులైన సప్రెసర్‌లో గుండు లోపలి గోడను తాకితే, మళ్లీ ఆ లైసెన్సు ఉన్న తయారీదారు, మళ్లీ వారాల ఎదురుచూపు.

ఏరిన పెచ్చులూ తుడిచిన గుడ్డలూ తడి కాగితాలూ మూత బిగుతుగా ఉండే పెయింటు డబ్బాలో పోస్తాను. డబ్బా మీద నల్ల మార్కర్‌తో సీసం అని రాసి ఉంటుంది, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. ఆర్నెల్లకు ఒకసారి దాన్ని మా ఊరి ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి తీసుకెళ్తాను. మొన్న అక్కడి కుర్రాడు డబ్బా అందుకుని, ఇంత చిన్న డబ్బా ఇంత బరువా అని రెండు చేతులతో పట్టుకుని, తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాడు. చెప్పాను. తొడుగులు వేసుకుని వచ్చి మళ్లీ అందుకున్నాడు.